సూది దిగిన చోటు

2022 డిసెంబరు, ఆదివారం. మయూర్ విహార్‌లో మా బాబాయి వాళ్ల మూడో అంతస్తు బాల్కనీలోకి పదకొండింటికి గానీ ఎండ రాలేదు. కుర్చీలు బయటికి లాక్కుని కూచున్నాం. నా కళ్లు ముందు దండెం మీదికి పోయాయి. ఎప్పుడూ తల మీదుగా ఉండే నైలాను తాడు ఇప్పుడు నడుమెత్తున, కొత్త మేకులకు కట్టి ఉంది. పిన్ని బకెట్లోంచి తువ్వాలు తీసి కుడిచేత్తో దాని మీద వేసింది. ఎడమ మోచెయ్యి మాత్రం పక్కటెముకలకు అతుక్కుపోయినట్టే ఉంది. ముంజేతితోనే అంచులు సర్దుకుంది.

బాబాయి ప్రభుత్వ డాక్టరుగా రిటైరయ్యాడు. ఉద్యోగంలో ఎక్కువ కాలం టీకాల పనిమీదే తిరిగాడు. అక్క కడ్కడ్‌డూమా కోర్టులో లాయరు. పిన్ని చెయ్యి సంగతి వచ్చినప్పుడల్లా వీళ్లిద్దరికీ పడదు. ఆ రోజు మాటలు వేడి తగ్గకముందే, అదే రాత్రి రాసిపెట్టుకున్నాను.

అక్క: దండెం ఎప్పుడు దించారు బాబాయ్?

బాబాయి: పోయినేడే. పైకి చెయ్యి లేవట్లేదంటే దించాను. దానికేముంది?

అక్క: దానికేముందో చెప్పమనే అడుగుతున్నా. 2021 మార్చిలో, అరవై దాటినవాళ్లకు మొదలుపెట్టిన రెండో వారంలో, టీకా వేయించుకుని వచ్చింది పిన్ని. ఇవాళ్టికి ఇరవై ఒక్క నెలలు. ఎమ్మారై తీయించారు. ఫిజియోథెరపీకి ఎన్ని నెలలు తిప్పారో మీకే తెలుసు. భుజంలో స్టెరాయిడ్ సూది కూడా పొడిపించారు. ఈ ఖర్చంతా, ఈ నొప్పంతా ఎవరి పద్దు?

బాబాయి: మా పద్దే. నాకు పెన్షనుంది, పెట్టుకున్నాను. దీన్ని నువ్వు కోర్టుకెక్కిస్తానంటేనే నాకు నచ్చదు. ముందు అసలు ఏం జరిగిందో తెలుసుకో. ఇలా రా.

అంటూ నన్ను దగ్గరికి లాగి, నా చొక్కా మీదే భుజం కొసన ఉన్న ఎముక మీద వేలు పెట్టాడు. అక్కణ్ణుంచి రెండు మూడు వేళ్ల వెడల్పు కిందికి జరిపి ఆపాడు. "సూది పడాల్సింది ఇక్కడ. చంక ఎత్తుకు కాస్త పైన, కండ దట్టంగా ఉన్న చోట. దీనికి పైన, ఎముక కింద ఒక పల్చటి తిత్తి ఉంటుంది. చెయ్యి ఎత్తినప్పుడు కండ ఎముకకు ఒరుసుకోకుండా కాపాడేది అదే. బర్సా అంటాం. సూది పైకి పోతే మందు కండలో కాక ఆ తిత్తిలో పడుతుంది. టీకా పనే ఒంట్లో కాపలావాళ్లను లేపడం. ఆ లేచినవాళ్లు కండలో రెండు రోజులు గొడవ చేసి పోతారు. తిత్తిలో అయితే నెలల తరబడి కూచుంటారు. అదీ మీ పిన్ని చెయ్యి."

అక్క: మీరే ఒప్పుకుంటున్నారుగా మరి.

బాబాయి: ఒప్పుకోకపోవడమేంటి? దీనికి సిర్వా అని పేరు కూడా ఉంది. అమెరికా పరిహార కార్యక్రమానికి వచ్చిన పదమూడు కేసులు చదివి, అక్కడి డాక్టర్లే 2010లో పేపరు రాశారు. నేననేది వేరు. ఇది టీకా చేసిన హాని కాదు, సూది పడిన చోటు చేసిన హాని. మందు మంచిదే, చెయ్యి తప్పింది. ఈ తేడా పేపరు వాళ్లకు పట్టదు. 'టీకాకు నష్టపరిహారం' అని పెద్దక్షరాల్లో వేస్తారు. ఆ కాగితం ముక్క పట్టుకుని ఊళ్లో నలుగురు పసిపిల్లలకు తట్టు టీకా మానేస్తారు.

(బాబాయి ఊహించి చెప్పే మనిషి కాదు, చూసి చెప్పే మనిషి. 1994 అక్టోబరు 2న ఢిల్లీలో పల్స్ పోలియో మొదలైన రోజు నుంచీ అందులో ఉన్నాడు. తరవాత ఘాజియాబాద్ బస్తీల్లో 'చుక్కలు వేయిస్తే పిల్లలు పుట్టరు' అన్న పుకారుకు మొహం మీదే తలుపులు వేయించుకున్నాడు.)

అక్క: బాబాయ్, పోలియో మాట మీరెత్తారు కాబట్టి అడుగుతున్నా. లక్షల్లో ఒకరికి, ఆ చుక్కల మందు వల్లే కాళ్లు చచ్చుబడ్డ పిల్లలు లేరా?

బాబాయి: ఉన్నారు.

అక్క: వాళ్ల అమ్మానాన్నలకు ఏమిచ్చారు?

బాబాయి కాసేపు బదులివ్వలేదు. గోడ పక్కన ఎండలో పెట్టిన నారింజ తీసుకుని వొలవడం మొదలుపెట్టాడు.

బాబాయి: ఏమీ ఇవ్వలేదు. కానీ 2011 జనవరి తరవాత ఈ దేశంలో సహజ పోలియో ఒక్క కేసు లేదు. ఆ లెక్కా చూడు.

అక్క: చూస్తున్నా. ఆ లెక్కే నా వాదన. దేశమంతా బాగుపడింది, ఆ బాగుకు కొద్దిమంది ఒంటితో ఖరీదు కట్టారు. బాగుపడ్డవాళ్లం తలా కాస్త వేసుకుని ఆ కొద్దిమందికి ఇవ్వాలి. అందులో టీకాను తిట్టేదేముంది? జర్మనీలో 1961లోనే ఇచ్చారు. అమెరికాలో 1986లో చట్టం చేశారు. డోసులో ఎన్ని జబ్బులకు మందుంటే జబ్బుకు డెబ్బై అయిదు సెంట్ల చొప్పున పన్ను వేసి నిధి పెట్టారు. 2017 మార్చిలో భుజం దెబ్బను కూడా, పరిహారమిచ్చే హానుల పట్టికలో చేర్చారు. అక్కడ జనం టీకాలు మానేశారా?

బాబాయి: ఆ కథ సగమే చెప్పావు. పట్టికలో చేర్చగానే దరఖాస్తులు వరదలా వచ్చాయి. కొత్తవాటిలో సగం దాకా భుజాలే. 2020లో అక్కడి ఆరోగ్యశాఖే దాన్ని తీసేస్తానంది, సరిగ్గా నేను చెప్పిన కారణంతోనే: ఇది టీకా తప్పు కాదు, వేసే తీరు తప్పు అని. 2021 జనవరిలో తీసేస్తూ ఉత్తర్వు కూడా ఇచ్చారు.

అక్క: ఆ ఉత్తర్వు అమలయ్యేలోపే ప్రభుత్వం మారింది, ఏప్రిల్లో రద్దు చేశారు. భుజం పట్టికలోనే ఉంది. మీది కూడా సగం కథే.

బాబాయి: సరే. మరి కోవిడ్ టీకా? దాన్ని ఆ పట్టికలో పెట్టలేదు. వేరే కార్యక్రమం కింద తోశారు. ఏడాదిలోపు అడగాలి, పడ్డ బాధకు పైసా ఇవ్వరు, లాయరు ఫీజూ ఇవ్వరు. బ్రిటన్‌లో 1979 చట్టం ఉంది. అరవై శాతం వైకల్యం ఉంటే లక్షా ఇరవై వేల పౌండ్లు, లేకపోతే సున్నా. మీ పిన్ని చేతికి అరవై శాతం ఎవరు రాసిస్తారు? అంత డబ్బున్న దేశాలే భుజం దగ్గర చెయ్యి ముడుచుకున్నాయి.

ఇక్కడ నా మాట ఒకటి. ఈ వాదనలో బాబాయిది బలమైన పక్షమే అనుకున్నాను అంతవరకూ. తరవాత అక్క విదేశాలు వదిలేసి మన చట్టాల్లోకి దిగింది. అప్పుడే నాకు కళ్లు తెరుచుకున్నాయి.

అక్క: విదేశాలు వద్దు, ఇక్కడికే రండి. కిందికెళ్లి రోడ్డు దాటుతుంటే కారు గుద్ది నా కాలు విరిగిందనుకోండి. మోటారు వాహనాల చట్టం 164వ సెక్షను, ఈ ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. తప్పు ఎవరిదో నేను రుజువు చెయ్యక్కర్లేదు. పెద్ద గాయానికి రెండున్నర లక్షలు, ప్రాణం పోతే అయిదు. ఇది ఒకటి. మీ ఆరోగ్యశాఖే కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు బీమా పెట్టింది, 2005లో సుప్రీంకోర్టు ఆదేశం తరవాత. ఆపరేషను వికటించినా, ఫలించకపోయినా చేయించుకున్నవాళ్లకు డబ్బిస్తారు. ఆపరేషన్ చేసిన డాక్టరు మీద దావా పడితే ఆయన్నీ కాస్తారు. ఇది రెండు. మూడోది మందుల ప్రయోగాలు. 2019 రూల్స్ ప్రకారం ప్రయోగంలో పాల్గొన్న మనిషికి దాని వల్ల హాని జరిగితే లెక్క కట్టి ఇవ్వాలి. తప్పెవరిదని అడగరు. మరి ప్రయోగంలో వెయ్యిమందిలో ఒకడికి ఉన్న హక్కు, ప్రయోగం ముగిశాక అదే మందు వేయించుకున్న కోట్లమందికి ఎందుకు లేదు?

బాబాయి: ప్రయోగంలో వాళ్లు మనకోసం తెలియని ప్రమాదంలోకి దిగుతారు. తేడా లేదా?

అక్క: 2021 జనవరి 16న మన హైదరాబాద్ టీకా కోవాక్సిన్‌ను ప్రయోగం పద్ధతిలోనే వేసినప్పుడు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, గుర్తుందా? తీవ్రమైన హాని జరిగి, అది టీకా వల్లేనని తేలితే కంపెనీ పరిహారం ఇస్తుందని అందులో ఉంది. మార్చి 11న ఆ షరతు ఎత్తేశారు. ఆ ముందు వారం వేయించుకున్నవాడికి మాట ఉంది, తరవాతి వారం వేయించుకున్నవాడికి లేదు. ఒంట్లోకి పోయిన మందు మాత్రం ఒకటే.

బాబాయి: తీవ్రమైనది అయితేనే అని నువ్వే అన్నావు. ప్రాణం పోవాలి, ఆసుపత్రిలో చేరాలి, లేదా వైకల్యం రావాలి. భుజం నొప్పి ఆ గడిలో పడదు.

అక్క: ఇరవై ఒక్క నెలలుగా తల మీదికి లేవని చెయ్యి వైకల్యం కాదా?

పిన్ని అప్పుడే టీ పట్టుకుని వచ్చింది. ట్రే ఒంటిచేత్తో తెస్తుంటే నేను లేచి అందుకున్నాను. ఈ మాట విని నిలబడిపోయింది.

పిన్ని: ఉగాదికి గుమ్మానికి మామిడాకులు కట్టలేకపోయానే అమ్మాయ్. అప్పుడు తెలిసింది నాకు, ఇది ఊరికే పోయే నొప్పి కాదని.

అక్క: నొప్పి ఎప్పుడు మొదలైంది పిన్నీ? ఆలోచించి చెప్పు.

పిన్ని: సూది వేసిన రాత్రే. అందరికీ రెండు రోజులుంటుంది అన్నారు, నేనూ అలాగే అనుకున్నా. ఆ రోజు నేను మోచేతుల దాకా ఉన్న జాకెట్టు వేసుకెళ్లాను. బిగుతు, పైకి మడిచినా ఎక్కడికీ రాలేదు. వెనక పెద్ద లైను. ఆ పిల్ల తొందరపడుతోందని, మెడ దగ్గర హుక్కు తీసి భుజం మీంచి జాకెట్టు ఇలా కిందికి లాగాను. కనిపించిన చోట పొడిచింది.

మెడ వైపు నుంచి లాగితే బయటపడేది భుజం కొన మాత్రమే. బాబాయి ఇందాక నా చొక్కా మీద 'ఇక్కడ వద్దు' అని చూపించిన చోటు అదే. ఆయన కళ్లు మూసుకున్నాడు.

బాబాయి: కుర్చీలో నువ్వు కూచున్నావు, ఆ అమ్మాయి నుంచుంది కదూ?

పిన్ని: పొద్దుటినుంచీ నుంచునే ఉంది పాపం.

బాబాయి: అదీ కారణమే. వేసేవాళ్లు నుంచుని వేయించుకునేవాళ్లు కూచుంటే సూది పైకే పోతుంది. ఇద్దరూ కూచోవాలి. అమ్మాయ్, ఇప్పుడు విను, నా భయం ఎక్కడుందో. మన నర్సులకు చెయ్యి తిరిగిన చోటు పసిపిల్లల తొడ. పెద్దవాళ్ల జబ్బకు వేసే పని గర్భిణులకు ధనుర్వాతం సూది, అంతవరకే. ఉన్నట్టుండి రోజుకు వందల మందికి పెద్దవాళ్ల చేతికి వెయ్యమన్నారు. 2021 సెప్టెంబరు 17న ఒక్కరోజులో రెండున్నర కోట్ల డోసులు వేసింది వాళ్లే. చాలామంది కాంట్రాక్టు మీద పనిచేసే పిల్లలు. మీ పిన్ని సర్టిఫికెట్ తియ్యి.

ఫోనులో కోవిన్ సర్టిఫికెట్ తీశాను. తేదీ, బ్యాచ్ నంబరు, కేంద్రం పేరు, వేసిన మనిషి పేరు ఉన్నాయి. ఏ చేతికి వేశారో, ఎంత ఎత్తున వేశారో లేదు.

బాబాయి: చూశావా? మనిషి పేరుంది, చోటు లేదు. నువ్వు రేపు నోటీసు పంపితే అది ఎవరికి తగులుతుంది? కంపెనీకా? ఢిల్లీలో ఫైలు మీద సంతకం పెట్టినవాడికా? ఆ పేరున్న పిల్లకు. నువ్వు గెలిచినా ఓడినా ఆ పిల్ల కాంట్రాక్టు పోతుంది.

అక్క: ఆ పిల్ల మీదికి వెళ్లడం నాకూ ఇష్టం లేదు. కానీ ఇవాళ చట్టం నాకు చూపించే దారి అదొక్కటే, నా కోపం దాని మీదే. పోయిన నెల సుప్రీంకోర్టులో కేంద్రం ఏం చెప్పింది? టీకా తరవాత కూతుళ్లు పోయిన తల్లిదండ్రులు వేసిన కేసులో అఫిడవిట్ అది. టీకా వేసుకోవడం స్వచ్ఛందం, ప్రభుత్వానికి బాధ్యత లేదు, కావాలంటే సివిల్ కోర్టుకు వెళ్లి నష్టపరిహారం అడగండి అంది. సివిల్ కోర్టుకు వెళితే నేను నిర్లక్ష్యం రుజువు చెయ్యాలి. అంటే ఆ పిల్ల నిర్లక్ష్యమే. ప్రభుత్వం తప్పుకుని నర్సును ముందుకు తోసింది. తప్పుతో పనిలేని నిధి ఒకటుంటే ఆ పేరు ఎవరికీ అక్కర్లేదు, తేదీ, డాక్టరు కాగితాలు చాలు. మీ నర్సును కాపాడేది నేనడిగే చట్టమే బాబాయ్, మీ మౌనం కాదు.

బాబాయి: వినియోగదారుల ఫోరం ఉందిగా?

అక్క: ఉంది. ఢిల్లీలోనే స్ప్రింగ్ మెడోస్ ఆసుపత్రి కేసు చూడండి. నర్సు ఇచ్చిన ఇంజెక్షనుకు పిల్లవాడు మంచానపడ్డాడు. 1998లో సుప్రీంకోర్టు పిల్లవాడికి పన్నెండున్నర లక్షలు, తల్లిదండ్రులకు అయిదు లక్షలు ఖాయం చేసింది. కానీ అది డబ్బు తీసుకునే ఆసుపత్రి. అందరికీ ఉచితంగా చేసేది వినియోగదారుల చట్టం కిందికి రాదని 1995లోనే తేల్చారు. 2021 మార్చిలో ప్రైవేటులో డోసు రెండొందల యాభై. పిన్ని ఆ రెండొందల యాభై కట్టి ఉంటే వినియోగదారు అయ్యేది. ప్రభుత్వ డిస్పెన్సరీలో ఉచితంగా వేయించుకుంది కాబట్టి కాలేదు. సర్కారును నమ్మి వెళ్లినవాళ్లకే తలుపు లేదు. ఇది న్యాయమా, మీరే చెప్పండి.

బాబాయి నారింజ తొనలు పళ్లెంలో పెట్టాడు. ఒక్కటీ తినలేదు.

బాబాయి: రుజువు సంగతి చెప్పు. మీ పిన్నికి పదేళ్లుగా సుగరుంది. సుగరున్నవాళ్లకు ఏ సూదీ లేకుండానే భుజం బిగుసుకుంటుంది. నీ నిధి ముందు ఇలాంటి భుజాలు లక్షలు వచ్చి నిలబడతాయి. ఏది సూదిదో ఏది సుగరుదో ఎలా ఏరతావు?

అక్క: ఏరడానికి దారి వేసే ఉంది. అమెరికా పట్టికలో నాలుగే షరతులు. ఆ భుజానికి అంతకుముందు నొప్పి ఉండకూడదు. సూది పడ్డ నలభై ఎనిమిది గంటల్లో మొదలవ్వాలి. సూది పడ్డ భుజంలోనే ఉండాలి. వేరే జబ్బు దాన్ని వివరించకూడదు. పైగా ఆరు నెలలు దాటి బాధ మిగలాలి. సుగరు వల్ల బిగిసే భుజం మెల్లగా, వారాల మీద బిగుస్తుంది, ఒక రాత్రిలో కాదు. ఇది మీకే నాకంటే బాగా తెలుసు.

బాబాయి: నాలుగో షరతు దగ్గర మీ పిన్ని ఓడిపోవచ్చు.

అక్క: ఓడనీండి. అడిగే చోటు ఉండి ఓడిపోవడం వేరు. డోసుకు రూపాయి చొప్పున తీసిపెట్టి ఉంటే నవంబరు 19 నాటికి రెండొందల ఇరవై కోట్లు పోగయ్యేవి. ఆ అఫిడవిట్ లెక్కే చెబుతున్నా. 219.86 కోట్ల డోసులు, హాని జరిగిందని రిపోర్టయినవి 92,114. వాటిలో తీవ్రమైనవి, మరణాలతో కలిపి, 2,782. మిగతా 89,332 స్వల్పం అన్నారు. బాబాయ్, ఒకటి అడుగుతాను. పిన్ని ఆ తొంభై రెండు వేలలో ఉందా?

అడిగిన తరవాత అక్కకే తెలిసినట్టుంది ఆ ప్రశ్న ఎక్కడ తగిలిందో. కింద రోడ్డు మీద ఈ-రిక్షా హారన్ తప్ప ఏమీ వినిపించలేదు. టీకా తరవాత ఏ హాని జరిగినా ఫారం నింపి జిల్లా ఇమ్యునైజేషన్ అధికారికి పంపాలని ఎంతోమంది నర్సులకు పాఠం చెప్పిన మనిషి ఆయన.

బాబాయి: లేదు. నేను రాయలేదు.

అక్క: ఎందుకని?

బాబాయి: ఎందుకేంటి. ఆ పేరు చూశాను సర్టిఫికెట్లో. ఆ పిల్లను పిలిచి అడుగుతారు. పైగా 2021 ఏప్రిల్, మే. ఢిల్లీలో ఆక్సిజన్ లేక జనం ఆసుపత్రి గేట్ల దగ్గరే పోతున్నారు. అలాంటప్పుడు మా ఆవిడ భుజం నొప్పని కాగితం పట్టుకుని వెళ్లడానికి నాకు మనసొప్పలేదు. తరవాత... తరవాత రాయలేదు. అంతే.

పిన్ని: ఆయన్ని ఇక అడక్కే అమ్మాయ్. నాకు రావాల్సిందేమన్నా ఉంటే ఇప్పించండి, ఫిజియోథెరపీ ఖర్చన్నా వస్తుంది. ఆ పిల్ల జోలికి మాత్రం వెళ్లకండి. మధ్యాహ్నం రెండైనా అన్నం తిన్లేదు ఆ పిల్ల, నేను చూశాను.

అక్క వెంటనే ఏమీ అనలేదు. కాసేపాగి, గడువు సంగతి చెప్పింది. కోవిడ్ వల్ల 2022 ఫిబ్రవరి ఆఖరు దాకా గడిచిన కాలాన్ని సుప్రీంకోర్టు లెక్కలోంచి తీసేసింది కాబట్టి దావాకు ఇంకా వ్యవధి ఉందంది. దావా వేసేది లేనిది పిన్ని ఇష్టమంది. బాబాయి కోర్టు మాటకు ఇప్పటికీ తల ఊపలేదు. నిధి మంచిదే కావచ్చు, కానీ దాని పేరులో టీకా మాట ఉండకూడదు, 'సూది పొరపాటు సహాయం' అని పెట్టండి అన్నాడు. అక్క పేరు మీకే వదిలేస్తాను అంది. నాకు మట్టుకు అక్క వైపే మొగ్గుంది. పేరేదైనా పెట్టండి, ఇచ్చే చెయ్యి ఒకటుండాలి.

సాయంత్రం మేం బయల్దేరేసరికి బాబాయి కళ్లద్దాలు పెట్టుకుని భోజనాల బల్ల దగ్గర కూచుని ఉన్నాడు. ముందు ఫారం ఉంది. తేదీ, బ్యాచ్ నంబరు సర్టిఫికెట్ చూసి రాస్తున్నాడు. పిన్ని పక్కన నిలబడి, నొప్పి రాత్రి ఎన్నింటికి మొదలైందో చెబుతోంది.

చదివేవాళ్లకు రెండు మాటలు. మీ ఇంట్లో ఎవరికైనా టీకా వేసిన రెండు రోజుల్లోపు మొదలై వారాలు గడిచినా వదలని భుజం నొప్పి ఉంటే, అది వయసు నొప్పి అని సర్దుకోకండి. డాక్టరుకు చూపించి కాగితం మీద రాయించండి, మీ జిల్లా ఇమ్యునైజేషన్ అధికారికి తెలియజెయ్యండి. ఇక టీకాకు వెళ్లేటప్పుడు చేతులు వదులుగా ఉన్న జాకెట్టో చొక్కానో వేసుకెళ్లండి. మెడ దగ్గరినుంచి లాగకండి, జబ్బ మొత్తం కనిపించనివ్వండి. నర్సు నుంచుని ఉంటే, ఆమెకూ ఒక కుర్చీ వెయ్యమని అడగండి.